‘తప్పు’ అంటే ‘ఛీ’ అనడమేనా?

మీ సందేహం ఇదీ: ‘తూకంలో మోసం తప్పు’ అంటే ‘ఛీ, మోసమా!’ అనడమే అయితే, ‘అది తప్పయితే తమ్ముడి చేత చేయించడమూ తప్పే’ అన్న వాక్యంలో ఛీ ఎక్కడుంది?

ముందు చిన్న సవరణ. నీతి మాటలు సమాచారం చెప్పవు, మన వైఖరిని వెళ్లగక్కుతాయి అనే సిద్ధాంతమే ఎక్స్‌ప్రెసివిజం. అంటే మీరు అనుకున్నట్టు ‘నాకది నచ్చదు’ అని చెప్పడం కాదు. ‘నాకు నొప్పిగా ఉంది’ అన్నది సమాచారం, అబద్ధం కూడా కావచ్చు. ‘అబ్బా!’ అన్నది నిజమూ కాదు, అబద్ధమూ కాదు. బ్రిటిష్ తత్వవేత్త ఎ.జె. ఏయర్ 1936లో నీతి వాక్యాలను ఈ ‘అబ్బా’ల పక్కన కూర్చోబెట్టాడు.

ఇక అసలు చిక్కు. మా చిత్తూరు మండీలో తోతాపురి కాయలు తెచ్చిన రైతు కాటా చూసి ‘ఇది తప్పు’ అంటే కోపం వినిపిస్తుంది. ‘ఇది తప్పయితే...’ అన్నప్పుడు ఆయన ఇంకా ఎవరినీ తిట్టలేదు. కానీ రెండుచోట్లా ‘తప్పు’కు ఒకే అర్థం లేకపోతే, ‘మోసం తప్పు; అది తప్పయితే తమ్ముడి చేత చేయించడమూ తప్పే; కాబట్టి చేయించడం తప్పు’ అన్న వాదన తెగిపోతుంది. బ్రిటిష్ తత్వవేత్త పీటర్ గీచ్ 1965లో పట్టుకున్నది దీన్నే. జర్మన్ తర్కవేత్త ఫ్రేగె ఆలోచన మీద నిలబడింది కాబట్టి ఫ్రేగె-గీచ్ సమస్య అంటారు.

ఎక్స్‌ప్రెసివిజాన్ని సమర్థించే తత్వవేత్త సైమన్ బ్లాక్‌బర్న్ జవాబు: ‘అయితే’ వాక్యం కూడా ఒక వైఖరే. తను చేస్తే ఛీ అని, తమ్ముడి చేత చేయించడానికి సరే అనే బుద్ధినే అది తిడుతుంది. నాకైతే ఇది సగం జవాబే. ఆ మనిషి బుద్ధి వంకరని తేలుతుంది గానీ, అతని మాటల్లో తర్కం తప్పిందని తేలదు. పరీక్షలో ఈ అభ్యంతరం తప్పకుండా రాయండి, టెన్షన్ పడకండి.