పద్దెనిమిది అడుగుల హాల్లో గురి

చిరంజీవి కిట్టుకి మామయ్య ఆశీస్సులు.

ఎయిర్ రైఫిల్ (గాలి ఒత్తిడితో పేలే తుపాకీ) కొన్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెప్పింది అనడం కంటే ఏడ్చింది అనాలి. నేను ముప్పై ఏళ్లుగా కాలుస్తున్నానని గుర్తు చేస్తే, "నీవల్లే వాడికి అంటుకుంది" అని పెట్టేసింది.

0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్ లోపు శక్తి కాబట్టి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. బిల్లు మాత్రం దాచుకో, కర్టెన్లు వేసుకో. ఎదురు ఫ్లాటువాళ్లకి కిటికీలో తుపాకీ కనబడితే జౌల్స్ లెక్క ఎవరూ అడగరు. బాల్కనీలో పావురాల జోలికి మాత్రం పోయావో, ఆ రైఫిల్ నేనే వచ్చి పట్టుకెళతాను.

మొదట గురిపెట్టే కాగితం కాదు, ఆ కాగితం వెనక ఏముందో చూసుకో. నేను కొత్తలో టేకు చెక్క మీద కాగితం అతికించి కాల్చాను. పెల్లెట్, అంటే తుపాకీలో వేసే చిన్న గుండు, అలాగే వెనక్కి వచ్చి నా కణతకి తగిలింది. ఒక్క అంగుళం ఇటైతే కన్ను పోయేది. మీ అత్తయ్య రెండు నెలలు తుపాకీని బియ్యం డ్రమ్ములో దాచేసింది. గట్టి చెక్క, గోడ, రాయి అన్నీ పెల్లెట్‌ని తిరిగి పంపుతాయి. అడుగు లోతు పెట్టెలో పాత బట్టలు గట్టిగా కుక్కి, వెనక మందపాటి ఇనుప రేకు పెట్టు. రోజూ ఒకేచోట తగిలి బట్టల్లో గొయ్యి పడుతుంది, వారానికోసారి కలియబెట్టు. పెట్టె వెనక ఇటుక గోడే ఉండాలి. నీకూ పెట్టెకీ మధ్య తలుపేదైనా ఉంటే గడియ పెట్టు, బాత్రూమ్ తలుపైనా సరే. ఇంట్లో నువ్వొక్కడివే ఉన్నా కళ్లద్దాలు పెట్టుకో.

హాలు పద్దెనిమిది అడుగులే అని బాధపడ్డావట. పోటీల్లో దూరం 10 మీటర్లు, అంటే దాదాపు 33 అడుగులు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఆ దూరం నుంచే. రైఫిల్ కాగితం మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే! నువ్వు 5 మీటర్ల నుంచి కాల్చు, కాగితాన్ని సగం సైజుకి జిరాక్స్ తీయించు. అయితే ఒక మెలిక ఉంది. కాగితం సగమైంది, పెల్లెట్ కాలేదు, అది 4.5 మిల్లీమీటర్లే. రంధ్రం అంచు లోపలి గీతకి తగిలినా ఆ ఎక్కువ పాయింటే వస్తుంది కాబట్టి ఇంట్లో నీ స్కోరు ఉబ్బిపోతుంది. స్కోరు వదిలెయ్. ఐదు షాట్లు కాల్చి, దూరంగా ఉన్న రెండు రంధ్రాల మధ్య కేంద్రం నుంచి కేంద్రానికి స్కేలు పెట్టు. ఆ కొలత అబద్ధమాడదు.

స్ప్రింగు తుపాకీ పెల్లెట్ బయటపడక ముందే ఎగురుతుంది. గట్టిగా పట్టుకుంటే పట్టు మారినప్పుడల్లా గురి మారుతుంది. నిద్రపోయే పసివాణ్ణి ఎత్తుకున్నట్టు అరచేతిలో వదులుగా ఉంచు. గొట్టం కొసన ఉండే సైటు (గురి చూసే ముక్క) స్పష్టంగా, కాగితం మీది నల్ల గుండ్రం మసకగా కనబడాలి, కొత్తవాళ్లందరూ దీన్ని తిరగేస్తారు. గురి చూసి కళ్లు మూసి, రెండు ఊపిరులు తీసి తెరువు. సైటు పక్కకి జరిగి ఉంటే చేతితో లాగకు, కాళ్లు జరుపు. ఊపిరి సగం వదిలి ఆపాక ఏడెనిమిది సెకన్లలో ట్రిగ్గర్ పడకపోతే దించెయ్. దించడం నేర్చుకోడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. పెల్లెట్ లేకుండా మాత్రం ఎప్పుడూ పేల్చకు, లోపలి సీలు పాడవుతుంది. కదలకుండా పట్టే సాధన కావాలంటే కాక్ చేయకుండానే, అంటే స్ప్రింగు బిగించకుండానే, తెల్ల గోడకి గురిపెట్టి నిలబడు.

పెల్లెట్లు సీసం. నోట్లో పెట్టుకునే అలవాటు కొందరికి ఉంది, నీకొద్దు. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కుని ఆ తర్వాతే టీ తాగు. నేల చీపురుతో ఊడ్చకు, తడిగుడ్డతో తుడువు.

రోజుకి ముప్పై షాట్లు చాలు. ప్రతి కాగితం మీద తేదీ రాసి దాచు. సంక్రాంతికి వచ్చేటప్పుడు అవన్నీ పట్రా, బాగా వచ్చినవి ఏరి కాదు, అన్నీ. మీ అమ్మకి మాత్రం నేను ఉత్తరం రాశానని చెప్పకు.

మీ మామయ్య