చెన్నైలో చిన్న ఉప్పునీటి ట్యాంకు: చేపలు ఎప్పుడు వేయాలి?

80 లీటర్ల రీఫ్ ట్యాంకు (పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి ట్యాంకు) పెట్టి మూడు వారాలైంది, చేపలు వేయొచ్చా అని అడిగారు. క్యాలెండర్ కాదు, నీటిని పరీక్షించే టెస్ట్ కిట్ చూడండి. రాళ్ల మీద పెరిగే బ్యాక్టీరియా చేపలకు హాని చేసే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చాలి. మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే ఒక్క చేప వేయండి. క్లౌన్‌ఫిష్ అయితే తట్టుకుంటుంది.

మన చెన్నైలో అసలు టెన్షన్ ఎండతోనే. నీరు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది గానీ, నీరు త్వరగా ఆవిరవుతుంది. ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. మొదట్లో ఇది తెలియక, తగ్గినప్పుడల్లా ఉప్పునీరే పోశాను. 1.025 ఉండాల్సిన సాంద్రత (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1.030 దాటింది, రెండు రోజుల్లో రొయ్య చనిపోయింది. ఇప్పటికీ బాధే. అప్పటి నుంచి గాజు మీద మార్కర్‌తో గీత గీసి, రోజూ పొద్దున్నే ఆ గీత దాకా ఉత్త ఆర్వో నీరు పోస్తున్నాను.

మెరీనా నుంచి బిందెతో నీళ్లు తేవద్దు, తీరం దగ్గర కాలుష్యం ఎక్కువ. ఆర్వో నీటిలో రీఫ్ సాల్ట్ (ఇలాంటి ట్యాంకుల కోసం అమ్మే ఉప్పు) కలుపుకుని, వారానికి ట్యాంకు నీటిలో పదో వంతు మార్చండి.

చెన్నైలోని కొళత్తూరు అక్వేరియం దుకాణాల్లో రాతి పగడాలు ఎవరైనా చూపించినా కొనకండి. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు.