డాఫిన్ అంటే యువరాజేనా?

ప్రశ్న: జోన్ ఆఫ్ ఆర్క్ కథను తెలుగులో చదివాను. ఏడో చార్లెస్‌ను ఒకచోట 'యువరాజు' అనీ, ఇంకొకచోట 'డాఫిన్' అనీ రాశారు. తండ్రి చనిపోయి ఏళ్లు గడిచినా అతను ఇంకా యువరాజేనా? ఈ మాటకూ డాల్ఫిన్‌కూ ఏమైనా సంబంధం ఉందా?

సమాధానం: ఉంది. ఫ్రెంచిలో ఆ జలచరాన్నీ ఈ పదవినీ పిలిచేది ఒకే మాటతో. అయితే ఆ మాటకు మొదట యువరాజుతో ఏ పొత్తూ లేదు. పన్నెండో శతాబ్దంలో ఆల్ప్స్ పర్వతాల పక్కన అల్బోన్ సీమను ఏలిన నాలుగో గీగ్ అనే ప్రభువుకు అది మారుపేరు. వారసులు ఆ పేరు పెట్టుకుంటూ వచ్చారు, డాల్ఫిన్ బొమ్మను కులచిహ్నం చేసుకున్నారు. పదమూడో శతాబ్దం చివరికి పేరు కాస్తా బిరుదైంది, వాళ్ల సీమ 'దోఫినే' అయింది. మన దగ్గర గజపతి వంటి బిరుదులు ఇంటిపేర్లయితే, అక్కడ జరిగింది దానికి తలకిందులు.

ఆ వంశంలో చివరివాడు రెండో హంబర్ట్. గ్రెనోబుల్ విశ్వవిద్యాలయాన్ని 1339లో స్థాపించింది ఇతనే. చేతికి ఎముక లేని మనిషి. ఒక్కగానొక్క కొడుకు పసితనంలోనే పోయాడు. స్మిర్నా (నేటి టర్కీలోని ఇజ్మిర్) మీదికి క్రూసేడుకు, అంటే క్రైస్తవుల మతయుద్ధానికి, వెళ్లి వచ్చేసరికి అప్పులు మరింత పెరిగాయి. చివరికి 1349లో తన సీమను ఫ్రాన్సు రాజవంశానికి అమ్మేశాడు. లియోన్‌లో రాజు మనవడు, పదకొండేళ్ల చార్లెస్‌కు (మీరడిగిన ఏడో చార్లెస్ కాదు) ఖడ్గమూ ఉంగరమూ అప్పగించి, తాను డొమినికన్ సన్యాసుల్లో చేరిపోయాడు.

మరుసటి ఏడాదే తాత ఆరో ఫిలిప్ చనిపోవడంతో ఆ పిల్లవాడు సింహాసనానికి వారసుడయ్యాడు. డాఫిన్ బిరుదు రాజుగారి పెద్దకొడుకుకు అంటిపెట్టుకున్నది అప్పటినుంచే. నిజానికి 1343లో కుదిరిన మొదటి ఒప్పందంలో సీమ దక్కవలసింది రాజుగారి రెండో కొడుక్కి. అదే నిలిచి ఉంటే ఈ ప్రశ్న వచ్చేదే కాదు!

కొనుగోలు తరువాత కూడా ఆ బిరుదు ఉత్త అలంకారం కాదు. పదకొండో లూయీ డాఫిన్‌గా ఉండగా 1447 నుంచి 1456 వరకు దోఫినేలోనే మకాం పెట్టి, తండ్రిని లెక్కచేయకుండా సొంత దర్బారు నడిపాడు.

ఇక మీ చార్లెస్ సంగతి. ఇతని తండ్రి 1422లో చనిపోయాడు. 1420 నాటి త్రువా ఒప్పందం కొడుకును కాదని ఇంగ్లండు రాజును వారసుణ్ని చేసింది. చార్లెస్ తానే రాజునని ప్రకటించుకున్నా, రీమ్స్‌లో అభిషేకం జరిగితేగాని పూర్తి రాజు కాడన్నది జోన్ నమ్మకం. అందుకే 1429 జులై 17న కిరీటం పెట్టేదాకా ఆమెకు అతను డాఫినే. ఇక్కడ 'యువరాజు' అని రాస్తే ఆ పట్టుదల పాఠకుడికి అందదు. పైగా మన యువరాజుకు పట్టాభిషేకం ఉంటుంది, రాజు ఆ పదవి ఇవ్వాలి. డాఫిన్‌కు అది పుట్టుకతోనే వచ్చే హక్కు.

అనువాదకులు హంబర్ట్ వంశాన్ని చెప్పేటప్పుడు 'యువరాజు' అనే మాట అసలు వాడకూడదు. 1350 తరువాతి వాళ్లకు 'డాఫిన్' అని ఉంచి, తొలిసారి మాత్రం 'సింహాసన వారసుడు' అని వివరిస్తే చాలు. ఫ్రెంచివారి ఉచ్చారణ 'దోఫాఁ'కు దగ్గరగా ఉంటుంది. ఏది ఎంచుకున్నా పుస్తకమంతా అదే ఉండాలి. డాఫిన్ భార్య 'దోఫీన్'. మేరీ ఆంత్వానెత్ 1770 నుంచి 1774 వరకు దోఫీనే. ఆ హోదాకు మాత్రం 'యువరాణి' అన్నా నాకు అభ్యంతరం లేదు.