ఇరవై ఏళ్ల నాటి రెడ్ వైన్... షుగర్ మాత్రలు వాడేవారు రుచి చూడొచ్చా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. మాది పలాస. పదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర రోజుకు రెండుసార్లు వేసుకుంటున్నాను. ఫ్రాన్స్‌లో ఉండే చిన్ననాటి స్నేహితుడు 2005 నాటి బోర్డో రెడ్ వైన్ సీసాలు రెండు తెచ్చాడు. సంక్రాంతికి శ్రీకాకుళంలో ఎనిమిది మందిమి కలుస్తున్నాం. పాత వైన్ గుండెకు మంచిదంటున్నారు, నిజమేనా? కిందటిసారి రెడ్ వైన్ తాగితే తలనొప్పి వచ్చింది. ఈసారి తాగొచ్చా?

సమాధానం: అంత దూరం నుంచి మీ అందరి కోసం ఆ సీసాలు మోసుకొచ్చిన స్నేహితుడి అభిమానం నాకు అర్థమైంది. అందుకే ఒక్కమాటలో వద్దని చెప్పి ఊరుకోవడం లేదు. గుండెకు మంచిదన్న మాట మాత్రం మరిచిపోండి. ఏళ్లు గడిచేకొద్దీ వైన్‌లో వగరు తగ్గి రుచి మెత్తబడుతుంది, అడుగున మడ్డి దిగుతుంది. ఆల్కహాల్ తగ్గదు. ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ గొప్పదంటారు గానీ, గ్లాసు వైన్‌లో అది ఉండేది చాలా కొద్దిగా. మద్యానికి సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది.

మీ విషయంలో నా భయమంతా గ్లిమిపిరైడ్‌తోనే. అది ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తుంది. మామూలుగా రక్తంలో షుగర్ తగ్గితే కాలేయం గ్లూకోజ్ తయారుచేసి సర్దుతుంది. మద్యం తాగినప్పుడు ఆ తయారీ మందగిస్తుంది. దాంతో అర్ధరాత్రో, తెల్లవారుజామునో షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబడటం, తికమక... చూసేవాళ్లకు ఇవన్నీ మత్తులాగే కనిపిస్తాయి. 'ఎక్కువైంది, పడుకోనీ' అని వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి మీకు షుగర్ ఉందని, ఏ మాత్ర వాడుతున్నారో ఆ ఏడుగురికీ ముందే చెప్పండి. గ్లూకోమీటర్ వెంట తీసుకెళ్లండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయమనండి.

ఖాళీ కడుపుతో ఒక్క గుక్క కూడా వద్దు. అన్నమో చపాతీయో తినండి. మీ ఊరి జీడిపప్పు ఎంత బాగున్నా అది భోజనం కాదు. మాత్ర మీ అంతట మీరు మానొద్దు. పడుకునే ముందు షుగర్ చూసుకోండి, 100 కంటే తక్కువుంటే ఏదైనా తినండి.

ఆ రోజుకు ఒక్క సీసాయే తెరవండి. 750 మి.లీ. ఎనిమిది మందికి పంచితే తలా 90 మి.లీ.కి కాస్త ఎక్కువ వస్తుంది. 13 శాతం వైనైతే అందులో ఆల్కహాల్ దాదాపు 10 గ్రాములు. అది మించొద్దు. తెరిచే ముందు సీసాను ఒక రోజు నిలబెట్టి ఉంచి, మడ్డి కదలకుండా తేట మాత్రం వంచుకోండి. మడ్డి విషమేమీ కాదు, చేదుగా ఉంటుందంతే.

తలనొప్పి వస్తే నీళ్లు తాగి విశ్రాంతి తీసుకోండి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు వేసుకోవద్దు, అవి కిడ్నీలకు చేటు చేయొచ్చు. ఉద్దానం కిడ్నీ జబ్బు మీ చుట్టుపక్కలే ఉంది, మీకు షుగర్ కూడా ఉంది. పండగలోపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. కిడ్నీలు దెబ్బతిని ఉంటే, మెట్‌ఫార్మిన్‌పై మద్యం తాగడం వల్ల రక్తంలో లాక్టిక్ ఆమ్లం ప్రమాదకరంగా పెరగొచ్చు. క్రియాటినిన్ ఎక్కువున్నా, కాలేయ సమస్య ఉన్నా ఆ 90 మి.లీ. కూడా వద్దు. అప్పుడు వాసన చూసి, నోట్లో తిప్పి ఉమ్మేయండి. వైన్ రుచి చూడటమే వృత్తిగా ఉన్నవాళ్లూ అలాగే చేస్తారు. తాగితే మాత్రం ఆ రాత్రికి శ్రీకాకుళంలోనే ఆగండి, హైవే మీద బండి నడపొద్దు.