యంత్రం కంటే ముందు నోటు పుస్తకం

పాత పాటల బృందాల క్యాసెట్లు, రికార్డులు, కరపత్రాలు రెండు పెట్టెల నిండా ఉన్నాయనీ, మీ ప్రాంతపు పాటల చరిత్రగా వాటిని భద్రపరచడానికి ముందు ఏ యంత్రం కొనాలనీ అడిగారు. ముందు ఒక నోటు పుస్తకం కొనండి.

నేను యంత్రంతోనే మొదలుపెట్టాను. దాదాపు రెండు వందల క్యాసెట్లను ఎంపీ3లుగా మార్చాను. గరగర వినిపించకుండా శుభ్రం చేసి, చిరిగిన అట్టలు పారేశాను. కొన్ని అట్టల లోపలి వైపు వాద్యకారుల పేర్లు పెన్సిల్‌తో రాసి ఉన్నాయని ఆ తర్వాత తెలిసింది. గరగరతో పాటు చప్పట్లు, పాటకూ పాటకూ మధ్య గాయకుడు అన్న మాటలు కూడా చాలాచోట్ల మసకబారాయి. ఇప్పుడు నా దగ్గర ఎవరు పాడారో తెలియని పాటలు ముప్పై పైచిలుకు ఉన్నాయి. వినడానికి మాత్రం శుభ్రంగా ఉంటాయి!

ఒకసారి ఓ పెద్దాయనకు, ఒకప్పటి డ్రమ్మర్‌కు, ఒక పాట వినిపించాను. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, "ఇది నేను కాదు, నా చెయ్యి ఇలా పడదు" అన్నారు. ఎవరి చెయ్యో, ఆ రోజు తాను ఎందుకు వెళ్లలేదో కూడా చెప్పారు. మూడు మధ్యాహ్నాలు ఆయన దగ్గర కూర్చుని ఫోనులో రికార్డు చేసుకున్న కబుర్లే నా సేకరణలో అన్నిటికన్నా విలువైనవి. అదే బృందంలోని కీబోర్డు వాద్యకారుడిని కలుద్దాం, కలుద్దాం అనుకుంటూ ఉండగానే ఆయన పోయారు.

అందుకే ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య ఇవ్వండి, అన్ని వైపులా ఫొటో తీయండి. అట్ట మీద ఉన్నది తప్పులతో సహా దించుకోండి, మీ ఊహ అయితే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఫైలు పేరులోనూ అదే సంఖ్య ఉండాలి. కరపత్రాలు, ఒప్పంద కాగితాలు, పాటల వరుస రాసుకున్న చీటీలు చెత్తలా కనిపిస్తాయి. బృందంలో ఎంతమంది, ఎవరికి ఎంత ముట్టింది అన్నది వాటిలోనే దొరుకుతుంది. శాస్త్రీయ సంగీతాన్ని దాచిన సంస్థలు చాలాకాలం ఇలాంటి పాటలను లెక్కలోకి తీసుకోలేదు. ఇళ్లలోనేమో పాత క్యాసెట్ మీదే కొత్త పాట రికార్డు చేసేవారు.

ఇక యంత్రం. క్యాసెట్లు వినిపించే మంచి పాత డెక్ ఒకటి సంపాదించి మరమ్మతు చేయించండి. ప్రతి క్యాసెట్‌కూ టేపును చదివే హెడ్ కోణం సరిచేయకపోతే పాట దుప్పటి కప్పినట్టు మందంగా వినిపిస్తుంది. రెండు గంటలు నడిచే సీ-120 క్యాసెట్లలో టేపు మరీ పలచన, వాటిని పదే పదే వెనక్కీ ముందుకూ తిప్పకండి. టేపును హెడ్‌కు ఆనించే చిన్న మెత్త ఊడిపోయి ఉంటే, మరలు ఉన్న మరో క్యాసెట్ పెంకులోకి టేపు మార్చి వినవచ్చు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులను స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరుగుతుంది. వాటికి ఎల్పీ ముల్లు కూడా పనికిరాదు.

ఫైలును ఎంపీ3లా కుదించకుండా వేవ్‌గానే ఉంచండి. అంతర్జాతీయ ధ్వని ఆర్కైవుల సంఘం ఐఏఎస్ఏ సూచన కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు (రికార్డు చేసేటప్పుడు ఎంచుకునే నాణ్యత కొలతలు ఇవి). ఆ లెక్కన స్టీరియోలో గంటకు సుమారు ఒక జీబీ. శుభ్రం చేయాలనిపిస్తే నకలు మీద చేయండి. మూడు ప్రతులు ఉంచి, వాటిలో ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. అసలు క్యాసెట్లు పారేయవద్దు.

హక్కుల సంగతి చూసి వెనకాడకండి. సాహిత్యం, బాణీ, రికార్డింగు హక్కులు ముగ్గురి దగ్గర ఉండవచ్చు, నలుగురికీ వినిపించే ముందు వారినో వారి కుటుంబాలనో అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. జాబితా రాయడం మాత్రం ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

అన్నట్టు, పెట్టెలో పాత స్పూళ్లు, అంటే పెద్ద చక్రాలకు చుట్టిన టేపులు, ఉంటే ఒకసారి వాసన చూడండి. వెనిగర్‌లా పుల్లటి వాసన వస్తే వాటిని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేసి, అన్నిటికంటే ముందు వాటినే నిపుణులకు చూపించండి.