మూడు ప్రతులు, ఏ పాఠం సరైనది?

ప్రశ్న: మా ఇంట్లో ఒక శతకానికి మూడు చేతిరాత ప్రతులున్నాయి. పద్యాలు కలవడం లేదు. పునరుజ్జీవన కాలపు ఇటలీ మానవతావాదులు (పాత గ్రీకు, లాటిన్ గ్రంథాలను పరిశోధించిన పండితులు) ఇలాంటివి ఎలా తేల్చారు? ఆ పద్ధతి మాకు పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తప్పకుండా పనికొస్తుందండీ. చక్రవర్తి కాన్‌స్టాంటైన్ 4వ శతాబ్దంలో పోపుకు రాసిచ్చాడన్న దానపత్రం నకిలీదని 1440లో వారిలో ఒకడైన లొరెంజో వల్లా భాషను కూడా పట్టుకుని నిరూపించాడు. అందులోని ‘సాత్రప్’ (పర్షియాలో రాష్ట్ర పాలకుడు) అనే పదవి పేరు ఆనాటి రోము పాలనలో లేదు. ఒక ప్రతిని చూసి రాసిన నకళ్లు ఎన్నున్నా వాటిది ఒకే సాక్ష్యమని మరో మానవతావాది పొలిజియానో గుర్తించాడు. ఇది చాలా గొప్ప సంగతి.

కాబట్టి ఎక్కువ ప్రతుల్లో ఉన్నదే సరైనదని ముందు ఓట్లు లెక్కపెట్టకండి. రెండు ప్రతుల్లో ఒకే చోట ఒకే పాదం జారిపోయిందా? అయితే ఒకటి రెండోదానికి నకలో, రెండూ ఒకే మాతృకకు నకళ్లో అయ్యుంటాయి. ఒక ప్రతిని ఆధారంగా పెట్టుకుని, తేడాలన్నీ పద్యం, పాదం సంఖ్యలతో రాసుకోండి. గణాలు, యతి, ప్రాస తప్పినచోట లేఖకుడి పొరపాటును అనుమానించాలి. వృత్తపద్యాల్లో ఇది ఇట్టే దొరుకుతుంది. అయితే ఛందస్సు కుదిరిందని పొంగిపోవద్దు, తర్వాతివాళ్లు సరిదిద్ది ఉండవచ్చు. కఠినమైన మాటను తేలిక చేయడం లేఖకులకు అలవాటు. అర్థం కుదిరితే కఠిన పాఠాన్నే ఉంచి, రెండోదాన్ని అడుగున చూపండి. అసలు ప్రతిపై మాత్రం కలం పెట్టకండి.