ఆట బల్ల: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కాకతీయుల కాలం కథతో గర్ప్స్ (బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి ఆడే ఆట) నాలుగో ఎడిషన్ ఆడుతున్నాం. ఇందులో పాత్రకు లోపం పెట్టుకుంటే బదులుగా పాయింట్లు వస్తాయి. ఒక ఆటగాడు తన లెంక పాత్రకు 'కోడ్ ఆఫ్ ఆనర్' (పాత్ర మీరని కట్టుబాటు) అనే లోపం కింద "ధర్మం తప్పడు" అని రాసి 15 పాయింట్లు తీసుకున్నాడు. ఇన్ని సెషన్లలో ఆ నియమం ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. పాయింట్లు వెనక్కి తీసుకోవచ్చా?
– గేమ్ మాస్టర్ (ఆట నడిపించే వ్యక్తి), హనుమకొండ

జవాబు: ముందు నియమాన్ని తిరగరాయించండి. "ధర్మం తప్పడు" అని రాసుకుంటే ఏది ధర్మమో ప్రతిసారీ ఆటగాడే తేలుస్తాడు. అది ఎప్పుడూ తనకు నష్టం లేని వైపే తేలుతుంది. నియమంలో ఉండాల్సింది పాత్ర చేయని పనులు. చేశాడా లేదా అని బల్ల చుట్టూ కూర్చున్న వాళ్లందరూ చెప్పగలగాలి.

ఏలికతోనే బతుకూ చావూ అని ప్రతిన పట్టిన భటుడు లెంక. కావలసిన సరుకంతా అందులోనే ఉంది. ఇలా రాయించండి: ఏలిక కన్నా ముందు రణభూమి విడవడు. ఏలిక ఆనతి లేకుండా శత్రువుతో సంధి మాట్లాడడు. గాయపడ్డ తోటి లెంకను వదిలి రాడు. ఏలికను పోగొట్టుకుని తాను బతకడు. ఈ నాలుగూ చాలు. ఏడెనిమిది రాస్తే సగం ఎవరికీ గుర్తుండవు.

ఇక ధర. సాటివాళ్ల మధ్య మాత్రమే నడిచే అలిఖిత కట్టుబాటుకు 5. నియమబద్ధమైన కట్టుబాటు సాటివాళ్లకే పరిమితమైనా, అలిఖిత కట్టుబాటు అన్నివేళలా వర్తించినా 10. నియమబద్ధమైనది అన్నివేళలా వర్తిస్తే, లేదా తప్పితే తన ప్రాణం తీసుకోవాల్సి వస్తే 15. చివరి వాక్యం వల్ల మీ లెంకకు 15 న్యాయమే, కాకపోతే అది కథలో ఎదురుపడాలి. ఏలిక ఓరుగల్లులో ఉండి, మీ కథేమో మోటుపల్లి రేవులో వర్తకుల మధ్య నడుస్తుంటే నాలుగింటిలో మూడు ఎప్పటికీ పైకి రావు. అప్పుడు ఏలిక కొడుకును ఆ రేవుకు వచ్చే ఓడ ఎక్కించండి. కుదరకపోతే దాన్ని 1 పాయింటు క్విర్క్‌గా (చిన్నపాటి అలవాటుగా) మార్చి, తగ్గిన పాయింట్లకు వేరే లోపం ఎంచుకోమనండి.

రెండు జాగ్రత్తలు. ఏ దారిలో వెళ్లినా నియమం చెడేలా వల పన్నకండి. అది ఆటగాడి మీద కక్షగా కనిపిస్తుంది, తర్వాత ఎవరూ నియమాలు తీసుకోరు. నిలబెట్టుకునే దారి ఒకటి ఉండాలి, దానికి డబ్బో, కాలమో, గాయమో ఖర్చవ్వాలి. రెండోది: "నా ముందు ఎవరూ దొంగతనం చేయకూడదు" లాంటి వాక్యం ఒప్పుకోకండి. లోపం అతనిది, భారం మాత్రం పక్కనున్న దొంగ పాత్ర ఆటగాడిది. బల్ల దగ్గర గొడవలు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే.

ప్రశ్న: చట్టం మీరని 'హానెస్టీ' లోపానికి సెల్ఫ్ కంట్రోల్ అంకె 12 వేశాను. 9 వేస్తే తేడా ఎంత?

జవాబు: చాలా. ఆటగాడు లోపాన్ని ఎదిరించాలనుకుంటే మూడు పాచికలు వేస్తాడు. మొత్తం ఆ అంకెకు మించకపోతే ఎదిరించినట్టు. 12కి దాదాపు 74 శాతం గెలుస్తాడు, 9కి 37.5 శాతమే, 6కి 9 శాతం. అందుకే 12కి 10 పాయింట్లయితే 9కి 15, 6కి 20. 15 అంకెకు 5 పాయింట్లు వస్తాయి కానీ దాదాపు 95 శాతం తప్పించుకుంటాడు. ఆ బేరం తరచుగా అడిగితే మాత్రం అనుమానించండి. కోడ్ ఆఫ్ ఆనర్‌కు ఈ పాచికలు లేవు. అక్కడ తప్పడం ఆటగాడు తెలిసి తీసుకునే నిర్ణయం.

ప్రశ్న: యుద్ధాల కథలో ఎవరినీ చంపని పాత్ర కుదురుతుందా?

జవాబు: హింసకు వెనుకాడే లోపమైన పాసిఫిజంలో 'కెనాట్ కిల్' (ఎవరినీ చంపలేడు) రకం 15 పాయింట్లది. గాయపడ్డ శత్రువును చావుకు వదిలేసినా నియమం తప్పినట్టే. ఎవరైనా తన చేతిలో చస్తే, మూడు పాచికల మీద ఎంత పడితే అన్ని రోజులు పాత్ర కుంగిపోయి పనికిరాకుండా ఉంటుంది. ముట్టడి మధ్యలో అన్ని రోజులంటే ఆ ఆటగాడు ఊరికే కూర్చోవాలి. 5 పాయింట్ల 'రిలక్టెంట్ కిల్లర్' (చంపడానికి జంకేవాడు) మీకు నప్పుతుంది: ముఖం కనిపించే మనిషి మీద ప్రాణాంతకమైన దెబ్బ వేసేటప్పుడు గురికి 4 తగ్గుతుంది, ముఖం కనిపించకపోతే 2. అంటే శిరస్త్రాణంతో ముఖం కప్పుకున్న శత్రువు మీద దెబ్బ కాస్త తేలికవుతుంది. గురి చూసి కొట్టే 'ఎయిమ్' మాత్రం మనుషుల మీద వాడనివ్వకండి.